ఈశాన్యానికి ఎక్కిన మోరీ

నాగర్‌కర్నూల్ పట్టణంలోని సున్నంబట్టి గల్లీ సమగ్రంగా అభివృద్ధి చెందిందని ప్రజలందరికీ ఇందుమూలంగా తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. గల్లీ అభివృద్ధి కమిటీకి అధ్యక్షుణ్ణి నేనే కాబట్టి ఈ సంగతి నాకంటే ముందు మరొకరికి తెలిసే వీలు లేదు. గల్లీలో ఉండేవాళ్ళకు ఇంకా తెలియలేదు. పాపం, పనులకు పోయేవాళ్ళు, వాళ్ళకు తీరిక తక్కువ.

నాకు ఈ పదవి ఎలా దక్కిందని గిట్టనివాళ్ళు అడుగుతుంటారు. బస్టాండు దగ్గర మాకు శానిటరీ దుకాణం ఉంది. కమోడ్లు, వాష్ బేసిన్లు, టైల్స్, పైపులు అమ్ముతాం. ఈ ఊళ్ళో సగంమంది పెద్దమనుషులు పొద్దున లేచి కూర్చునేది నేను అమ్మిన వాటి మీదే. పారిశుధ్యం గురించి ఇంత దగ్గరగా ఆలోచించిన మనిషి ఇంకెవడున్నాడు? పైగా గల్లీలో ఉన్న ఒకే ఒక మేడ మాది. పేదల కష్టాలు చూడాలంటే ఎత్తు నుంచి చూడాలి. కింద నిలబడితే కష్టాలు మోకాళ్ళ దాకా వస్తాయి, సరిగ్గా కనబడవు.

గల్లీ స్వరూపం కాస్త చెప్పాలి. ఈశాన్యం వైపు ఎత్తుగా మొదలై, నైరుతి వైపు జారుతూ వచ్చి, మా ప్రహరీ గోడ దగ్గర ఆగుతుంది. మా ఇంటి నైరుతి మూల పక్కన ఒక సందు ఉండేది. ఆ సందు దాటితే మెయిన్ రోడ్డు, దాని వెంట పెద్ద నాలా. ఎవరూ కాలువ తవ్వకపోయినా, ఎవరూ శంకుస్థాపన చేయకపోయినా, గల్లీ నీళ్ళు సిగ్గూ శరమూ లేకుండా ఆ సందులోంచి ఇంతో అంతో నాలాలోకి పోతుండేవి. సందుకు ఇవతల, మా గోడకు ఎదురుగా, అన్నిటికంటే పల్లంలో ఉన్న రేకుల ఇల్లు అంజమ్మది. భర్త యేసయ్య పుణెలో కట్టుబడి పనికి పోయాడు. ఆమె పల్లికాయ మిల్లులో కాయలు చెరుగుతుంది. వాన గట్టిగా కొడితే నాలాకు దారి దొరకని నీళ్ళు ముందుగా ఆమె గడపే దాటుతాయి.

మా కమిటీ మొదట చేపట్టింది రోడ్డు. పాత సీసీ రోడ్డు తవ్వితే దుమ్ము లేస్తుంది, ప్రజారోగ్యానికి హాని. అందువల్ల దాని మీదే కొత్తది పోయించాం. అంతకుముందు కమిటీ వాళ్ళు కూడా ప్రజారోగ్యం కోరినవాళ్ళే కాబట్టి వాళ్ళూ అలాగే పోయించారు. ఇప్పుడు రోడ్డు మీది నుంచి అంజమ్మ ఇంట్లోకి పోవాలంటే మెట్లు దిగాలి. హైదరాబాద్‌లో పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లకు మాత్రమే ఉండే సెల్లార్ సౌకర్యం ఈ విధంగా నిరుపేదలకు ఉచితంగా అందింది. దీన్ని మేము ప్రచారం చేసుకోలేదు.

తర్వాత గృహాల మెరుగుదల. రోడ్డు మీద నడిచే అధికారికి ఎంతవరకు కనబడుతుందో అంతవరకు గోడలకు గులాబీ రంగు వేయించాం. పక్కగోడలు ఆయన చూడడు, వాటి జోలికి పోలేదు. అంజమ్మ గోడ మీద కుళాయి కింద చేతులు కడుక్కుంటున్న ఇద్దరు పిల్లల బొమ్మ గీయించాం. ఆ గల్లీలో కుళాయి కనబడేది ఆ ఒక్క చోటే.

ఇక మిగిలింది మోరీ, అంటే మురుగు కాలువ. ఆ సమావేశం మా మేడ మీది హాల్లో జరిగింది. వార్డు కౌన్సిలర్ సౌందర్య గారి తరఫున ఆమె భర్త జితేందర్ గారు హాజరయ్యారు. ప్రజలు ఆమెను ఎన్నుకున్నారు, కుర్చీలో ఆయన కూర్చుంటున్నారు, సంతకం మాత్రం ఆమెదే. ఇంత చక్కని పని విభజన మన దేశంలో తప్ప ఎక్కడా కనబడదు. అంజమ్మ పిలవకుండానే వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. లోపలికి రమ్మని మేము అందామనుకుంటూ ఉన్నాం. ఈలోగా ఆమే మాట్లాడింది.

"నా బిడ్డ కృపకు నెలలు నిండొస్తున్నయి సేటు. వచ్చే నెలల దవాఖానకు తీస్కపోవాలె. వాన పడకముందే ఆ నీళ్ళు ఎటన్న పోయేటట్టు జర చెయ్యుండ్రి. పసిగుడ్డును ఆ నీళ్ళల్ల యాడ పండవెట్టాలె?"

సభ కదిలిపోయింది. జితేందర్ గారు కళ్ళు తుడుచుకుని, మాతాశిశు సంక్షేమం గురించి మిర్చి బజ్జీలు వచ్చేదాకా మాట్లాడారు. తల్లి కడుపులోంచి బిడ్డ బయటికొచ్చే లోపల మోరీ పూర్తి చేయాలని తీర్మానించాం. ఎటు కట్టాలన్నది మాత్రం మిగిలింది. ఎటు కట్టాలో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. నీళ్ళు ఎటు పోతున్నాయో అటే, అంటే మా నైరుతి మూల పక్కనున్న సందులోంచి నాలాలోకి. ఈ మాట నాకూ తెలుసు. అందుకే వెంటనే వనపర్తి నుంచి వాస్తు సిద్ధాంతి గారిని పిలిపించాను.

సిద్ధాంతి గారు సెల్‌ఫోన్‌లో దిక్సూచి తెరిచి మా ఇంటి చుట్టూ తిరిగారు. నైరుతి మూల దగ్గర ఆగి, నా వైపు చాలా జాలిగా చూశారు. నైరుతిలో మోరీ పారితే ఇంటి యజమాని నిలవడని, ఉన్న వ్యాపారం కొట్టుకుపోతుందని చెప్పారు. నీళ్ళు ఎప్పుడైనా ఈశాన్యానికే పోవాలి, నైరుతి మూసి, దాని మీద బరువు పెట్టాలి. గల్లీ ఈశాన్యంలో ఎత్తుగా ఉంది కదా అని ఎవరో గొణిగితే, అది గల్లీ దోషమే గాని శాస్త్ర దోషం కాదన్నారు. మరి ఎదురుగా అంజమ్మ ఇల్లు మునుగుతుందేమో, ఆ ఇంటి వాస్తు సంగతేమిటని కూడా నేను అడిగాను. నేను అడగలేదని రేపు ఎవరూ అనకూడదు. యాభై గజాల లోపు ఇళ్ళకు వాస్తు వర్తించదని ఆయన సెలవిచ్చారు. పేదవాళ్ళకు ఒక భయం తగ్గిందని సంతోషించాను.

కాంట్రాక్టరు మాత్రం తల గోక్కున్నాడు. నీళ్ళు ఎత్తుకు ఎట్లా పోతాయని ఆయన సందేహం. చదువుకున్నవాళ్ళతో ఇదే తంటా. జితేందర్ గారు బల్ల మీద గుద్ది చెప్పారు.

"కల్వకుర్తి లిఫ్టుల కృష్ణమ్మనే గుట్టలెక్కి వస్తున్నది. మన గల్లీ నీళ్ళు గింతెత్తు ఎక్కలేవా?"

చప్పట్లు మోగాయి. అక్కడ మోటర్లు ఉన్నాయన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఇక్కడ మోటరు ఎవరింటి కరెంటుతో నడవాలన్న చర్చ వస్తుంది. మేడ ఉన్నది నాకొక్కడికే. అందుకే నేను అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను.

మోరీ తయారైంది. చూడముచ్చటగా ఉంది. సిమెంటు గోడలు, మీద పలకలు, దుకాణం నుంచి నేనిచ్చిన పైపులు. మొదటి కనెక్షన్ గౌరవంగా మా ఇంటికే ఇచ్చారు. మా కమోడు, బాత్రూము, వంటిల్లు అన్నీ అందులోకే. నైరుతి సందును రాళ్ళూ సిమెంటూ పోసి మూసేసి, ఆ పైన శిలాఫలకం కోసం ఎత్తైన గద్దె కట్టించాం. నైరుతిలో బరువు ఉండాలన్నారు కదా. ఆ రాతి మీద నా పేరు, జితేందర్ గారి పేరు, చిన్న అక్షరాల్లో సౌందర్య గారి పేరు చెక్కించాం. అంత బరువు ఇంకే రాతికీ వచ్చేది కాదు.

ప్రారంభోత్సవం నాడు మోరీ పనితనం చూపించాలనుకున్నాం. మొదట కింది చివర బిందెలతో నీళ్ళు పోశారు. నీళ్ళు అక్కడే నిలబడి మా మొహాలు చూశాయి. జితేందర్ గారు కంగారు పడే మనిషి కాదు. మున్సిపల్ ట్యాంకరును పై చివరకు, ఈశాన్యానికి, నడిపించి అక్కడి నుంచి పైపు వదలమన్నారు. ఇక చూడాలి ఆ వైభవం. నీళ్ళు మోరీ నిండా ఉరుకుతూ గల్లీ పొడుగునా వచ్చాయి. జనం చప్పట్లు, ఫొటోలు, బాణసంచా. మోరీ పారిందా లేదా అన్నదే ప్రశ్న, పారింది. ఎటు పారిందన్నది ఉపన్యాసాలయ్యేదాకా ఎవరికీ తట్టలేదు. ఆ నీళ్ళు గద్దెకు కొట్టుకుని, పలకల సందుల్లోంచి పొంగి, సెల్లార్ మెట్లు దిగి అంజమ్మ ఇంట్లోకి పోయాయి. ఆమె బియ్యం డబ్బా ఎత్తి అటక మీద పెడుతూ ఉండగా మేము జాతీయగీతం అందుకున్నాం. ఆమె కదలకుండా నిలబడింది. ఆమెకు దేశభక్తి ఎక్కువ.

కృప అదే వారంలో కాన్పయింది. జిల్లా దవాఖానలో ఆడపిల్ల. వానలు కూడా అదే వారంలో మొదలయ్యాయి. ఈ రెండింటి మధ్య కమిటీ ప్రమేయం లేదు.

దవాఖానలో మంచం ఇంకొకరికి కావాలి కాబట్టి తల్లినీ బిడ్డనూ పంపేశారు. ఆటో గల్లీలోకి వచ్చేసరికి అంజమ్మ ఇంట్లో నీళ్ళు మంచం పట్టె దాకా ఉన్నాయి. పైనున్న ఇళ్ళు కూడా ఎంతో కొంత తడిసే ఉన్నాయి, ఒక్కో గదిలో రెండు మూడు సంసారాలు. అంజమ్మ గల్లీ అంతా కలియజూసింది. పొడిగా, ఎత్తుగా, శుభ్రంగా ఉన్నది ఒకటే కనిపించింది. మా శిలాఫలకం గద్దె. బిడ్డను దాని మీద పడుకోబెట్టింది. పైన కప్పుకు ప్రారంభోత్సవం నాటి ఫ్లెక్సీని పీకి కట్టింది. ఆ ఫ్లెక్సీలో నేను రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాను. వాన నా పళ్ళ మీద పడి మీసాల మీదుగా జారిపోతోంది. కింద పసిది చుక్క తడవకుండా పడుకుంది. కృప నా పేరుకు వీపు ఆనించి కూర్చుంది. ప్రజల కోసం ఇంతగా ఉపయోగపడిన నాయకులు అరుదు.

జితేందర్ గారు ఆ దృశ్యాన్ని ఫొటో తీసి, 'తల్లీబిడ్డల విశ్రాంతి వేదిక, మా వార్డు మరో ముందడుగు' అని వాట్సప్ గ్రూపులో పెట్టారు. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. నేను కూడా ఒకటి పెట్టాను.

అయితే అదే సమయంలో మా ఇంట్లో చిన్న సాంకేతిక అసౌకర్యం తలెత్తింది. మోరీలో నిలిచిన నీళ్ళు, పోయే దారి లేక, వచ్చిన దారినే వెనక్కి బయలుదేరాయి. మొదటి కనెక్షన్ మాది కదా. మా దుకాణంలోకెల్లా మేలైన కమోడు, ఇటలీ నమూనా, పొద్దున్నే నిండి పొంగింది. సిద్ధాంతి గారికి ఫోన్ చేశాను. నీళ్ళు ఏ వైపు నుంచి వస్తున్నాయని ఆయన అడిగారు. ఈశాన్యం నుంచే అన్నాను. ఈశాన్యం నుంచి జలం ఇంట్లో ప్రవేశించడం మహాయోగమని, లక్ష్మి వస్తోందని, తలుపులు తెరిచి ఉంచమని చెప్పారు. ఆ లక్ష్మి వాసనకు మా ఆవిడ సావిత్రమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని నా ముందు నిలబడింది.

"ఊరందరికి కమోడ్లు అమ్మినవు. ఇయ్యాల మన ఇంట్ల కూసునేతందుకు జాగ లేదు. నీ అధ్యక్షతన ఎటన్న ఒక దారి చూపియ్యి."

నేను గొడుగేసుకుని, మొహానికి రుమాలు చుట్టుకుని, బస్టాండులోని మరుగుదొడ్ల దగ్గరికి పోయాను. మా గల్లీవాళ్ళు అప్పటికే వరుసలో ఉన్నారు. రుమాలు ఉన్నా గుర్తుపట్టారు. అధ్యక్షుడినని ముందుకు పొమ్మన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది అనిపించింది.

తిరిగి వస్తుంటే అంజమ్మ గద్దె దగ్గర ఉంది. పసిదాని ఒళ్ళు వేడిగా ఉందని కృప ఏడుస్తోంది. గాలివాన తిరిగితే ఫ్లెక్సీ ఎంతసేపు నిలుస్తుందో తెలియదు. అంజమ్మ నన్ను ఆపి, ఈ గద్దె కింద ఒక్క బొక్క కొట్టిస్తే నీళ్ళు నాలాల పడతయని, ఇల్లు తేరుకుంటదని నెమ్మదిగానే చెప్పింది. ఆమె చెప్పింది నిజమని నాకు తెలుసు. మా ఇంటి కమోడుకు కూడా తెలుసు. కానీ నేను ఒక బాధ్యత గల పదవిలో ఉన్నాను. వచ్చే సమావేశంలో తప్పక పరిశీలిస్తామని, ఈలోగా బిడ్డకు చలి తగలకుండా చూసుకోమని, నైరుతి మూల మోరీ వల్ల ఇంటి యజమానికి కలిగే అరిష్టాన్ని ఆమె కూడా అర్థం చేసుకోవాలని చెప్పాను.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది.

"మా ఇంటికి మూలల్లేవా సేటు? నాలుగున్నయి. నాలుగు మూలల్ల నీళ్ళే ఉన్నయి."

అని, ఇంట్లోకి మెట్లు దిగి, తొడల లోతు నీళ్ళల్లో నడిచి, యేసయ్య వదిలిపెట్టి పోయిన గడ్డపార పట్టుకొచ్చింది. బిడ్డనూ కృపనూ పక్కింటి అరుగు మీదికి పంపింది. ఆమె గద్దె మొదట్లో మొదటి దెబ్బ వేసేసరికి నేను మా బాల్కనీలోకి ఎక్కాను. ఇలాంటి సమయాల్లో నాయకుడు అందరికీ కనబడే చోట ఉండాలి, అందే చోట కాదు. పై ఇళ్ళ ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు పారలు పట్టుకుని వచ్చారు. ప్రభుత్వ ఆస్తి, శిలాఫలకం, వాస్తు, మూడింటికీ కలిపి అన్యాయం జరుగుతోంది. ఆపండని అరవడానికి నోరు తెరిచాను.

అప్పుడే కింద రాయి కదిలింది. నీళ్ళు గుప్పున నాలాలోకి దూకాయి. మరుక్షణం నా వెనక, కింది బాత్రూములో, గుర్రుమని ఒక చప్పుడు. ఎన్నాళ్ళ నుంచో గొంతులో ఇరుక్కున్నది దిగినట్టు. కమోడు ఖాళీ అయింది. నేను నోరు మూసుకున్నాను.

సాయంత్రానికి అంజమ్మ ఇంట్లో నేల కనబడింది. బురద ఎత్తిపోశారు, పిడకల పొగ వేశారు, మంచం వేశారు. కృప బిడ్డను తీసుకుని మెట్లు దిగి లోపలికి పోయింది. బస్తీ దవాఖాన నర్సమ్మ వచ్చి మందు పోసి పోయింది. తెల్లారేసరికి జ్వరం తగ్గిందని సావిత్రమ్మ చెప్పింది. నాకు నిజంగా సంతోషమేసింది. దాని వెనకే సిగ్గూ వేసింది. రెండూ వ్యక్తిగతం. అధ్యక్షుడి హోదాలో మాత్రం ఈ దుశ్చర్యను తీవ్రంగా ఖండించాను.

శిలాఫలకం ఇప్పుడు కాస్త ఒరిగింది. నా పేరు నాలా వైపు చూస్తోంది. కింద బొక్క అలాగే ఉంది, నీళ్ళు అలాగే పోతున్నాయి. నైరుతిలో మోరీ పారుతున్నందుకు నాకు ఏదో ఒక అరిష్టం తప్పదని ఎదురుచూశాను. వ్యాపారం బాగుంది. ఆరోగ్యం బాగుంది. మోకాళ్ళ నొప్పి కూడా కొంచెం తగ్గింది. ఈ విషయాన్ని కమిటీ చాలా గంభీరంగా పరిగణిస్తోంది. సిద్ధాంతి గారు అరిష్టం నెమ్మదిగా వస్తుందని, నిరాశపడవద్దని ధైర్యం చెప్పారు.

బొక్కను వెంటనే పూడ్చాలని సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించాం. ప్రతిపాదించింది నేనే. సిమెంటు మా దుకాణం వెనక సిద్ధంగా ఉంది, మేస్త్రీ కూడా సిద్ధం, నేను సరేననడమే తరువాయి. పొద్దున లేవగానే, ఈ రోజు సరే అందామనుకుంటాను. అనుకుంటూనే బాత్రూముకు పోతాను. మీట నొక్కుతాను. ఏ అడ్డూ లేకుండా అన్నీ సాఫీగా వెళ్ళిపోతాయి. ఆ చప్పుడు వింటూ, రేపు చూద్దాంలే అనుకుంటాను. ఆ బొక్కను ఊరందరి ముందూ ఖండిస్తున్నాను, తలుపు గడియ పెట్టుకుని వాడుకుంటున్నాను.

మీరు నవ్వుతున్నారు, నవ్వండి. మీ ఇంట్లో కూడా పొద్దున మీట నొక్కగానే అన్నీ పోతూనే ఉంటాయి. అవి ఏ అంజమ్మ ఇంటి ముందు నుంచి, ఎవరు గడ్డపారతో కొట్టిన బొక్కలోంచి పోతున్నాయో బయటికొచ్చి చూడకండి. చూస్తే మీరూ ఒక కమిటీ వేయాల్సి వస్తుంది.